తెరచాప పడవకు ఎంత మోటారు కావాలి?

గాలితో నడిచే పడవకు మోటారు ఎందుకని ఒడ్డున నిలబడి చూసేవారికి అనిపించవచ్చు. ఇరుకైన హార్బరులో, రెండు పక్కలా ఖరీదైన పడవలు కట్టేసి ఉన్నచోట, గాలి ముఖానికి కొడుతుంటే తెరచాపతో బయటపడటం ఎంత కష్టమో నడిపేవారికి తెలుసు. సాయంత్రానికి గాలి పడిపోయి, నీటి ప్రవాహం వెనక్కి లాగుతుంటే ఒడ్డు చేర్చేది కూడా మోటారే. అందుకే ఇరవై అడుగుల పైచిలుకు చిన్న తెరచాప పడవలకు వెనుక కొసన, అమరం దగ్గర, ఒక ఔట్‌బోర్డ్ మోటారు వేలాడుతూ ఉంటుంది. పైన ఇంజను, మధ్యలో నిలువు షాఫ్టు, కింద గేర్లు, ప్రొపెల్లరు అన్నీ ఒకే యంత్రంగా ఉండి, పడవ గోడకు బయట బిగించుకునే ఏర్పాటు ఇది.

ఉదాహరణకు కాటలీనా 22 అనే పడవను తీసుకుందాం. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ రూపకల్పన చేసిన ఈ పడవ 15 వేలకు పైగా తయారైంది. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, బరువు టన్నుకు కాస్త పైన. అమెరికా సరస్సుల్లో, సముద్ర ఖాతాల్లో తెరచాప నేర్చుకునేవారు పాతది కొనుక్కుని మొదలుపెట్టే పడవల్లో ఇది ఒకటి. ఉద్యోగాల మీద అక్కడ స్థిరపడిన తెలుగువారికీ ఇలాంటి పాత పడవ అందుబాటులో ఉన్న సరదా. అయితే పడవ ఎంత గట్టిదైనా, దాని వెనుక ఉన్న మోటారుకు అంత ఆయుష్షు ఉండదు. ఏదో ఒక రోజు అది మొరాయిస్తుంది. కొత్తది కొనాలి.

అప్పుడు దుకాణంలో వినిపించే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని హార్స్‌పవర్? నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. ప్రొపెల్లరు అన్నివేళలా నీటిలో మునిగి ఉంటుందా? అది ఎంత నీటిని, ఎంత నెమ్మదిగా వెనక్కి నెడుతుంది? ఆ మోటారు బరువును పడవ వెనుక భాగం మోయగలదా? ఇవి తేలితే హార్స్‌పవర్ దానంతటదే తేలుతుంది. కారణం మోటారులో కన్నా ముందు నీటిలో ఉంది.

పడవకు పుట్టుకతో వచ్చిన వేగ పరిమితి

పడవ కదిలినప్పుడు ముందు భాగం నీటిని తోస్తుంది. తోసిన నీరు అలగా లేచి, పడవతో పాటే, పడవ వేగంతోనే సాగుతుంది. లోతైన నీటిలో అలకు ఒక నియమం ఉంది. అల ఎంత వేగంగా పోతే దాని ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దూరం అంత పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లవుతుంది.

కాటలీనా 22 నీటిని తాకి ఉండే పొడవు సుమారు 5.9 మీటర్లు. పడవ 4 నాట్ల వేగంతో వెళ్తుంటే (ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు) అది లేపే అల పొడవు సుమారు 2.7 మీటర్లు. అంటే పడవ పొడవునా రెండు అలలు పడతాయి, పడవ వాటి మీద సమంగా తేలుతుంది. వేగం 5.9 నాట్లకు చేరేసరికి అల పొడవు కూడా సరిగ్గా 5.9 మీటర్లు అవుతుంది. ఇప్పుడు పడవ ముందు కొస ఒక శిఖరం మీద, వెనుక కొస మరో శిఖరం మీద ఉంటాయి. ఇంకా తోసి 7 నాట్లకు తీసుకెళ్దామంటే అల పొడవు 8.3 మీటర్లకు సాగుతుంది. రెండో శిఖరం పడవను దాటి వెనక్కి పోతుంది. వెనుక భాగం పల్లంలోకి దిగుతుంది, ముందు భాగం పైకి లేస్తుంది. పడవ తాను లేపిన అలనే ఎక్కవలసి వస్తుంది.

ఈ సంగతిని ప్రయోగాలతో తేల్చినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1860ల చివర్లో వేర్వేరు పొడవుల నమూనా పడవలను నీటిలో లాగి, అవి లేపే అలలను, ఎదుర్కొనే నిరోధాన్ని కొలిచాడు. తరవాత టార్కీ పట్టణంలో నమూనాల పరీక్ష కోసం పొడవాటి నీటి తొట్టె కట్టించాడు. నేటికీ ప్రపంచంలో ఓడల రూపకల్పన ఆ పద్ధతి మీదే నడుస్తోంది. చిన్న పడవల వారికి అందులోంచి దక్కిన సూత్రం చాలా తేలిక: నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో పరిమితి వేగం వస్తుంది. కాటలీనా 22కు 19.3 అడుగులు. వర్గమూలం 4.4. వేగం 5.9 నాట్లు. గంటకు 11 కిలోమీటర్లు, అంతే.

ఇది కచ్చితమైన గోడ కాదు. దాటవచ్చు, కానీ ధర విపరీతం. తేలికైన, అడుగు చదునుగా ఉన్న స్పీడు బోటు తన అలను ఎక్కి, నీటి పైభాగాన జారుతూ పోగలదు. కింద నిలువు రెక్కలా నీటిలోకి దిగే కీల్, గుండ్రటి అడుగు, టన్ను బరువు ఉన్న తెరచాప పడవకు ఆ మార్గం లేదు. కాబట్టి దాని వెనుక 6 హార్స్‌పవర్ పెట్టినా, 15 పెట్టినా, నిశ్చలమైన నీటిలో తేడా అర నాట్ రావడం కష్టం. మిగతా పెట్రోలంతా వెనుక పెద్ద అల లేపడానికి కాలిపోతుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. పరిమితికి కింద, నెమ్మదిగా వెళ్తే కావలసిన శక్తి అంతే వేగంగా తగ్గుతుంది. స్థూలంగా శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. 6 నాట్ల నుంచి 3 నాట్లకు దిగితే ఎనిమిదో వంతు శక్తి చాలు. అలల నిరోధం కూడా తగ్గిపోతుంది కనుక నిజంలో అంతకన్నా తక్కువే పట్టవచ్చు. ఎలక్ట్రిక్ మోటారు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఎనిమిదో వంతు చాలా అవసరమవుతుంది.

మరి అదనపు శక్తి ఎందుకు?

నిశ్చలమైన నీటికి టన్నుకు 2 హార్స్‌పవర్ చాలు. అయితే మోటారు అవసరం పడేది నిశ్చలమైన రోజుల్లో మాత్రమే కాదు. ఎదురుగాలి వీచినప్పుడు తెరచాపలు దించినా స్తంభం, తాళ్లు, క్యాబిను, పడవ ముందు భాగం అన్నీ గాలికి అడ్డంగా నిలబడతాయి. అన్నీ కలిపి 4 చదరపు మీటర్లు అనుకుందాం. 20 నాట్ల ఎదురుగాలి వాటి మీద సుమారు 250 న్యూటన్ల బలంతో తోస్తుంది. అంటే 25 కిలోల బరువును ఎత్తిపట్టేంత బలం నిరంతరం వెనక్కి లాగుతూ ఉంటుంది. గాలి రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లు. పైగా ఎదురొచ్చే ప్రతి అలా పడవను ఆపబోతుంది.

ప్రవాహం సంగతి వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కింద ఆటుపోట్ల ప్రవాహం 4 నాట్లు దాటే రోజులు ఉన్నాయి. 3 నాట్లతో పోయే పడవ అక్కడ ముందుకు నడుస్తున్నట్టే కనిపిస్తూ నేల లెక్కన వెనక్కి పోతుంది. అలాంటి చోట గాలి సాయమూ లేకపోతే పోటు మారేదాకా ఆగడమే దారి.

ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకునే పడవలవారు టన్నుకు 4 హార్స్‌పవర్ అన్న కొలత వాడతారు. కాటలీనా 22లో నలుగురు మనుషులు, సామాను, ఇంధనం కలిపితే ఒకటిన్నర టన్ను దగ్గరకు వస్తుంది. అంటే 6 హార్స్‌పవర్. చిన్న సరస్సులో తిరిగేవారికి 4 చాలు. బలమైన ప్రవాహం, పెద్ద అలలు ఉన్న సముద్ర ఖాతాలో 8 దాకా వెళ్లడానికి కారణం ఉంది. దానికి మించి పెట్టే ప్రతి హార్స్‌పవర్ బరువుగానే మిగులుతుంది.

ప్రొపెల్లరే అసలు పనివాడు

ఒకే హార్స్‌పవర్ ఉన్న రెండు మోటార్లు ఒకే పడవను వేర్వేరుగా తోస్తాయి. తేడా అంతా ప్రొపెల్లరులో, దాన్ని తిప్పే గేర్లలో ఉంటుంది.

ప్రొపెల్లరు నీటిని వెనక్కి నెడుతుంది, ఆ నీరు పడవను ముందుకు నెడుతుంది. క్షణానికి ఎంత నీటిని నెట్టిందో దాన్ని, ఆ నీటికి ఇచ్చిన అదనపు వేగంతో గుణిస్తే తోపు వస్తుంది. కానీ నీటిలో వృథాగా పోయే శక్తి ఆ అదనపు వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి రెట్టింపు నీటిని సగం వేగంతో నెడితే తోపు అంతే ఉంటుంది, వృథా మాత్రం సగానికి పడిపోతుంది. బరువైన, నెమ్మదైన పడవకు పెద్ద ప్రొపెల్లరు నెమ్మదిగా తిరగడం మేలన్నది ఇందులోంచే వస్తుంది. వ్యాసం 8 అంగుళాల నుంచి 10 అంగుళాలకు పెరిగితే రెక్కలు ఊడ్చే వైశాల్యం సగానికి పైగా పెరుగుతుంది.

రెండో కొలత పిచ్. మెత్తని చెక్కలోకి మర దిగినట్టు ప్రొపెల్లరు జారకుండా నీటిలోకి దిగితే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోతుందో అదే పిచ్. ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతోంది, గేర్లు దాన్ని 2.15వ వంతుకు తగ్గిస్తున్నాయి అనుకుందాం. ప్రొపెల్లరు 2,558 చుట్లు తిరుగుతుంది. పిచ్ 8 అంగుళాలైతే ఆ లెక్కన గంటకు 31 కిలోమీటర్లు, అంటే దాదాపు 17 నాట్ల వేగానికి సరిపడే ప్రొపెల్లరు అది. రబ్బరు పడవకు బాగుంటుంది. 6 నాట్లు దాటలేని తెరచాప పడవకు అది తగదు. ఇంజను తన పూర్తి చుట్లు అందుకోలేక, కొండ ఘాట్ రోడ్డు మీద పై గేరులో ఇరుక్కున్న లారీలా ఉక్కిరిబిక్కిరవుతుంది. పూర్తి చుట్లు అందుకోని ఇంజను తన పూర్తి హార్స్‌పవర్ కూడా ఇవ్వదు. అదే మోటారుకు 6 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లరు వేస్తే చుట్లు పెరుగుతాయి, తోపు పెరుగుతుంది.

అందుకే తయారీదారులు తెరచాప పడవల కోసం ‘హై థ్రస్ట్’ అన్న రకాన్ని వేరుగా చేస్తారు. యమహా 9.9 హార్స్‌పవర్ మోటారులో మామూలు రకానికి గేరు నిష్పత్తి 2.08, హై థ్రస్ట్ రకానికి 2.92. అదే హార్స్‌పవర్, కానీ ప్రొపెల్లరు పెద్దది, నెమ్మదిగా తిరిగేది. తొహాట్సు 6 హార్స్‌పవర్ ‘సెయిల్ ప్రో’ కూడా ఇలా తక్కువ పిచ్ ప్రొపెల్లరుతో, పొడవాటి షాఫ్టుతో వచ్చేదే. ఆ సంస్థ 4, 5, 6 హార్స్‌పవర్ మోటార్లు మూడింటినీ ఒకే 123 సీసీ ఇంజను మీద చేస్తుంది. బరువులో తేడా ఉండదు కనుక నాలుగుకూ ఆరుకూ మధ్య తేల్చుకోలేనివారు ఆరు తీసుకోవడంలో నష్టం లేదు.

వెనక్కి తోసే శక్తినీ మరవకూడదు. టన్ను బరువున్న పడవకు బ్రేకులు ఉండవు. కట్టే చోటుకు వచ్చినప్పుడు ఆపేది రివర్సు గేరే. చాలా ఔట్‌బోర్డుల్లో పొగ ప్రొపెల్లరు మధ్య గుండా బయటికి పోతుంది. రివర్సులో ఆ పొగ రెక్కల మీదికే వచ్చి, అవి నీటికి బదులు బుడగలను కోస్తాయి, తోపు పడిపోతుంది. మంచి హై థ్రస్ట్ ఏర్పాటు రివర్సులో పొగను రెక్కలకు దూరంగా మళ్లిస్తుంది. కొనేముందు ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకుంటే కట్టే చోట పక్క పడవకు గుద్దుకోకుండా ఉంటారు.

మన తీరంలోనూ ఇదే భౌతిక శాస్త్రం పనిచేస్తుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒకప్పుడు తెరచాపతో, తెడ్లతో నడిచిన పడవల స్థానంలో నేడు ఇంజను బిగించిన ఫైబరు పడవలు ఉన్నాయి. అక్కడ అవసరాలు వేరు. ఇసుక ఒడ్డు నుంచి కెరటాలు దాటించాలి, ఒడ్డు చేరుతూనే ప్రొపెల్లరును పైకెత్తాలి, వలలతో చేపలతో బరువెక్కిన పడవను తిరిగి తేవాలి. ఖాళీ పడవకు నప్పిన ప్రొపెల్లరు నిండు పడవకు నప్పదు. బరువుకు తగ్గ ప్రొపెల్లరు ఎంచుకోవడం వారికి రోజువారీ ఇంధన ఖర్చులో కనిపించే విషయం.

షాఫ్టు పొడవు: డబ్బు వృథా అయ్యేది ఇక్కడే

ఔట్‌బోర్డు షాఫ్టులు సాధారణంగా మూడు కొలతల్లో వస్తాయి: 15, 20, 25 అంగుళాలు. తెరచాప పడవకు మోటారు కొన్నవారు ఎక్కువగా పశ్చాత్తాపపడేది ఈ కొలత దగ్గరే.

తెరచాప పడవ అలల మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ముందు తెరచాపను సర్దడానికి ఒక మనిషి ముందు కొసకు నడిచి వెళ్లినా అమరం పైకి లేస్తుంది. మోటారు అమరానికి బయట, బ్రాకెట్ మీద ఉంటుంది కనుక అందరికన్నా ఎక్కువ ఎగిరేది అదే. షాఫ్టు పొట్టిగా ఉంటే ప్రొపెల్లరు పైకి తేలి గాలి పీల్చుకుంటుంది. నీటి బరువు తొలగిన ఇంజను ఒక్కసారిగా కీచుమంటూ చుట్లు పెంచుకుంటుంది, తోపు సున్నా అవుతుంది. సరిగ్గా మోటారు ఎక్కువ అవసరమైన క్షణంలో, అలల మధ్య, రాళ్ల దగ్గర ఇది జరుగుతుంది. 15 హార్స్‌పవర్ పొట్టి షాఫ్టు మోటారు అక్కడ 5 హార్స్‌పవర్ పొడవాటి షాఫ్టు మోటారు ముందు దేనికీ కొరగాదు.

ఇలా పైనుంచి గాలి లాక్కోవడాన్ని వెంటిలేషన్ అంటారు. చాలామంది దీన్నే కావిటేషన్ అనేస్తారు గానీ అది వేరే సంగతి. రెక్క వెనుక పీడనం బాగా పడిపోయినప్పుడు నీరు మామూలు ఉష్ణోగ్రతలోనే మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అవి చిట్లినప్పుడు లోహాన్ని కూడా తినేస్తాయి. చార్లెస్ పార్సన్స్ తన ఆవిరి టర్బైను పడవ ‘టర్బీనియా’ను 1894లో నీటిలోకి దింపినప్పుడు అనుకున్న వేగం రాకపోవడానికి కారణం ఇదే. ప్రొపెల్లర్లను మార్చి, 1897లో విక్టోరియా రాణి నౌకాదళ ప్రదర్శనలో అదే పడవను 34 నాట్లకు చేరే వేగంతో దూకించాడు. మన చిన్న పడవ వేగాల్లో కావిటేషన్ పెద్ద బెడద కాదు. బెడద గాలి పీల్చడమే, దానికి మందు పొడవాటి షాఫ్టే.

కొలిచే పద్ధతి సులభం. పడవ నీటిలో ఉండగా, ఎప్పుడూ ఎక్కేంతమంది ఎక్కి, సామాను సర్దుకున్నాక, బ్రాకెట్‌ను కిందికి దించండి. మోటారు కూర్చునే పలక పైఅంచు నుంచి నీటి మట్టానికి టేపుతో కొలవండి. ప్రొపెల్లరు పైన ఉండే అడ్డపలక నీటి మట్టానికి బాగా కిందికి పోవాలి. అలాగని మోటారు తల మరీ కిందికి దిగి, వెనుక అల వచ్చినప్పుడు మునిగిపోకూడదు. చాలా సందర్భాల్లో ఈ పరిమాణపు పడవలకు 20 అంగుళాలు కనీసం, 25 అంగుళాలు మేలు. మరో కొలత కూడా తీసుకోండి. తెరచాపతో వెళ్తున్నప్పుడు మోటారును ఎత్తితే ప్రొపెల్లరు పూర్తిగా నీటి బయటికి రావాలి. లేకుంటే అది లంగరులా వెనక్కి లాగుతుంది, ఉప్పు నీటిలో తుప్పూ పడుతుంది.

బరువు చెప్పే తీర్పు

మిల్వాకీలో స్థిరపడిన నార్వే దేశస్థుడు ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన ఔట్‌బోర్డు ఒకటిన్నర హార్స్‌పవర్, 28 కిలోలు. నేటి 6 హార్స్‌పవర్ ఒంటి సిలిండరు మోటారు కూడా దాదాపు అంతే బరువు ఉంటుంది. శతాబ్దంలో అదే బరువులో నాలుగింతల శక్తి వచ్చింది. రెండు సిలిండర్ల 9.9 హార్స్‌పవర్‌కు వెళ్తే మాత్రం బరువు 40 కిలోల దరిదాపులకు చేరుతుంది.

ఆ పన్నెండు కిలోల తేడా పడవ మధ్యలో అయితే ఎవరికీ తెలియదు. అమరానికి బయట వేలాడితే మీట సూత్రం పనిచేస్తుంది. నడిపే మనిషి, ఇంధనం ట్యాంకు కూడా వెనుకే ఉంటారు. వెనుక భాగం దిగబడి, ముందు భాగం లేచి, పడవ తెరచాపతో నడిచే తీరు పాడవుతుంది. బ్రాకెట్ ఎంత బరువుకు చేసిందో దాని మీదే రాసి ఉంటుంది. పాత టూ స్ట్రోక్ మోటారు కోసం బిగించిన బ్రాకెట్ కొత్త ఫోర్ స్ట్రోక్ బరువును తట్టుకోకపోవచ్చు. స్ప్రింగులతో పాటు, అది బిగించిన గోడ లోపలి చెక్క నాని కుళ్లిందేమో కూడా తట్టి చూసుకోవాలి. శీతాకాలంలో మోటారును విప్పి ఒడ్డుకు మోసేది మీ నడుమేనని గుర్తుంచుకోండి.

టూ స్ట్రోక్ ఎందుకు పోయింది?

పాత పడవల వెనుక ఇప్పటికీ టూ స్ట్రోక్ మోటార్లు కనిపిస్తాయి. తేలిక, విడిభాగాలు తక్కువ, బాగుచేయడం సులువు. లోపం దాని శ్వాసలోనే ఉంది. కాలిన పొగను బయటికి నెట్టే పనినీ, కొత్త ఇంధనాన్ని లోపలికి తెచ్చే పనినీ ఒకేసారి చేయడంతో కొంత ఇంధనం కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. కార్బురేటరు ఉన్న పాత మోటార్లలో ఇది పావు వంతుకు పైగా కూడా ఉండేది. దానితో పాటు పెట్రోలులో కలిపిన నూనె. ఔట్‌బోర్డు పొగ నీటి కిందే వదులుతుంది కనుక అదంతా సరస్సులోకే.

హోండా 1964లోనే ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డు తెచ్చింది. కానీ బజారు మారింది చట్టంతో. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో ఔట్‌బోర్డుల పొగకు పరిమితులు ప్రకటించి, 2006 నాటికి దశలవారీగా అమలు చేసింది. చిన్న మోటార్లలో కార్బురేటరు టూ స్ట్రోక్ అక్కడి కొత్త సరుకులోంచి కనుమరుగైంది. ఔట్‌బోర్డుకు పర్యాయపదంగా నిలిచిన ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. పాతది కొనేవారు ధర కన్నా ముందు విడిభాగాలు దొరుకుతాయా అని చూడాలి.

ఫోర్ స్ట్రోక్ నిశ్శబ్దంగా, పొదుపుగా నడుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. లోపల నూనె ఉంటుంది కనుక విప్పి పడుకోబెట్టేటప్పుడు తయారీదారు చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి. లేకుంటే నూనె సిలిండరులోకి పారుతుంది.

ఎలక్ట్రిక్ మోటారు ఎవరికి?

ఇక్కడ లెక్క నిర్మొహమాటంగా చెబుతుంది. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. చిన్న ఇంజను అందులో ఐదో వంతును షాఫ్టుకు చేర్చినా దాదాపు 2 కిలోవాట్ గంటలు. పన్నెండు లీటర్ల ట్యాంకు అంటే 20 కిలోవాట్ గంటల పైమాటే. ఒక కిలోవాట్ తరగతి ఎలక్ట్రిక్ ఔట్‌బోర్డుతో వచ్చే లిథియం బ్యాటరీలో ఒకటి నుంచి ఒకటింపావు కిలోవాట్ గంట ఉంటుంది. మోటారు ఎంత సమర్థమైనదైనా ఇంధన నిల్వలో తేడా పదింతలకు పైనే.

అయినా ఎలక్ట్రిక్‌ను కొట్టిపారేయకూడదు. పైన చెప్పిన ఎనిమిదో వంతు ఇక్కడ పనికొస్తుంది. అలలేని నీటిలో 500 వాట్లతో టన్ను బరువు పడవ 3 నాట్ల దగ్గర నడుస్తుంది. ఒకటింపావు కిలోవాట్ గంటల బ్యాటరీతో రెండున్నర గంటలు, సుమారు 14 కిలోమీటర్లు. కట్టే చోటు నుంచి సరస్సు మధ్యకు వెళ్లి, తెరచాప ఎత్తుకుని, సాయంత్రం తిరిగొచ్చే మనిషికి ఇది అక్కరకు మించినంత. తాడు లాగే పని లేదు, పెట్రోలు వాసన లేదు, కార్బురేటరు శుభ్రం చేసే బాధ లేదు. తాగునీటి జలాశయాలు కొన్నింట్లో పెట్రోలు మోటార్లనే అనుమతించరు. అక్కడ వేరే ఆలోచన అవసరమే లేదు. ప్రవాహం 2 నాట్లు దాటే చోట, రేవు దూరంగా ఉన్న చోట, తుపాను గాలి ముందు ఇల్లు చేరవలసిన తీరంలో మాత్రం నేటికీ పెట్రోలే నమ్మకం.

చిన్నవిగా కనిపించే సంగతులు

మోటారుకు బ్యాటరీ ఛార్జింగు ఉందా అని చాలామంది అడుగుతారు. చిన్న మోటారు ఇచ్చేది 60 వాట్లు. తెరచాప పడవలో రోజుకు మోటారు నడిచేది ఇరవై నిమిషాలైతే వచ్చేది 20 వాట్ గంటలు. 50 వాట్ల సౌర పలక నాలుగు గంటల మంచి ఎండలో 200 వాట్ గంటలు ఇస్తుంది. కాబట్టి ఛార్జింగు కోసం పెద్ద మోటారు కొనకండి. పలక బిగించుకోండి.

ఇంధనం విషయం అంత తేలిక కాదు. అమెరికాలో పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాలు ఉంటుంది, మన దేశంలో ఇరవై శాతానికి వచ్చాం. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. తేమ మించితే నీరు, ఇథనాలు కలిసి అడుగుకు చేరతాయి, మోటారు మొదట తాగేది ఆ అడుగునే. వారాల తరబడి వాడని పెట్రోలు కార్బురేటరు సన్న రంధ్రాల్లో జిగురుగా గడ్డకడుతుంది. నిల్వ పెట్టేముందు కార్బురేటరును ఖాళీ చేయడం, పాత పెట్రోలును వాడకపోవడం అన్న రెండు అలవాట్లతో సగం మరమ్మతులు తప్పుతాయి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. ట్యాంకు గాలి ఆడే చోటే ఉండాలి.

ఉప్పు నీటిలో నడిపాక మంచినీటితో లోపలి గొట్టాలు కడగాలి. నీటిని పైకి తోడే పంపులోని రబ్బరు చక్రాన్ని క్రమం తప్పకుండా మార్చాలి. నడుస్తున్నప్పుడు పక్కన సన్నని ధారగా నీరు పడుతోందా అని ఒకసారి చూడటం ఇంజనుకు నాడి చూడటమే. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. పాత మోటారు కొనేటప్పుడు కింది గేరు పెట్టె నూనె కొంచెం తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు చేరిందని అర్థం. సిలిండరు పీడనం కొలిపించండి. చల్లని ఇంజనును మీ ముందే తొలిసారి స్టార్టు చేయించండి.

ఎర్రటి ఆపు తాడును మణికట్టుకో, లైఫ్ జాకెట్‌కో తగిలించుకోండి. మనిషి పడిపోతే ఇంజను ఆగేలా చేసే తాడు అది. నెమ్మదిగా వెళ్లే పడవలకు అమెరికా ఫెడరల్ చట్టం మినహాయింపు ఇచ్చినా, ఒంటరిగా నడిపేవారు దాన్ని వదలకూడదు. నీటిలో పడ్డ మనిషి 4 నాట్లతో వెళ్లిపోతున్న తన పడవను ఈదుకుంటూ అందుకోలేడు.

ఏ వరుసలో ఎంచుకోవాలి?

కాటలీనా 22 లాంటి టన్ను బరువు పడవకు తీర్పు స్పష్టం. మొదట షాఫ్టు: 25 అంగుళాలు, కుదరకపోతే 20. తరవాత ప్రొపెల్లరు: తక్కువ పిచ్, ఎక్కువ వ్యాసం, రివర్సులో పట్టు. ఆ తరవాత బరువు: 30 కిలోల లోపు, బ్రాకెట్ మోయగలిగినంత. నాలుగోది మీ నీళ్లు: ప్రశాంతమైన చిన్న సరస్సైతే ఎలక్ట్రిక్, ప్రవాహం ఉన్న తీరమైతే పెట్రోలు ఫోర్ స్ట్రోక్. ఐదోది మీ ఊరికి దగ్గరలో బాగుచేసే మనిషి, దొరికే విడిభాగాలు. ఇవన్నీ తేలాక మిగిలేది 4 నుంచి 6 హార్స్‌పవర్ మోటారే, అరుదుగా 8. దుకాణానికి వెళ్లేముందు టేపు పట్టుకుని పడవ దగ్గరకు వెళ్లండి. మనుషులను ఎక్కించి కొలత తీసుకోండి, ఆ కొలత రాసిన కాగితాన్ని జేబులో పెట్టుకుని వెళ్లండి. ఎక్కువ హార్స్‌పవర్ అమ్మజూపే ఎవరికైనా మీ పడవ 6 నాట్లు దాటదని ధైర్యంగా చెప్పండి.